క్యాప్సూల్ మాత్ర, అంతరిక్షంలో క్యాప్సూల్: రెండూ ఒకే మాటా?

వెంకటగిరి టీచర్ · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను వెంకటగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మా పిల్లల్లో సగానికి పైగా మగ్గం ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే బడి మిద్దె ఎక్కి చూస్తాం, మేఘాలు లేకపోతే ఆ నిప్పుగీత మాకు బాగానే కనిపిస్తుంది.

ఈరోజు ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడం, మా నాయనమ్మకి డాక్టర్ ఇచ్చింది క్యాప్సూలే, పేపర్లో వ్యోమగాములు కూర్చునేది కూడా క్యాప్సూలే అని రాశారు. రెండూ ఒకటేనా?" అని అడిగింది. రెండూ మూసి ఉంటాయి కదా అని చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇంగ్లిష్ మాట కనిపిస్తే చాలు, మా పిల్లలు బట్టీ పట్టేస్తారు. ఆ మాటకు ఒక అర్థం, ఒక ఊరు ఉంటాయని వాళ్లకు తెలీదు. డాక్టర్ల దగ్గరా అంతరిక్షంలోనూ వినిపించే మాటల గురించి మీకు తెలిసింది చెబుతారా? శుక్రవారం నాకు ఒక పీరియడ్ ఖాళీ ఉంది, పూర్తిగా దీనికే వాడతాను.

తెల్లకోటు సిస్టర్ · సోమవారం, రాత్రి 9:05

టీచరుగారూ, నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. రెండూ ఒకే మాట. లాటిన్‌లో క్యాప్సా అంటే పెట్టె, క్యాప్సులా అంటే చిన్న పెట్టె. మందు పెట్టిన చిన్న పెట్టె, మనుషులు కూర్చున్న చిన్న పెట్టె. మీకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన స్పేస్ క్యాప్సూల్ పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, 22న బంగాళాఖాతంలో దిగింది. బరువు 550 కిలోలు. పైకి పంపినదాన్ని ఇస్రో మళ్లీ కిందికి దించి చేతికి తెచ్చుకోవడం అదే మొదటిసారి.

నేను రోజూ వాడే మాటలు రాకెట్ల దగ్గర ఇంకా ఉన్నాయి. బూస్టర్ డోసు, బూస్టర్ రాకెట్: రెండూ వెనకనుంచి ఎగదోసేవే. ఆర్బిట్ అంటే మీకు కక్ష్య, మాకు కంటిగుడ్డు కూర్చునే ఎముకల గుంట. లాటిన్‌లో ఆర్బిటా అంటే బండిచక్రం నేలమీద వేసిన గాడి. మట్టిరోడ్డు మీద ఎడ్లబండి గాడి చూసిన పిల్లలకు కక్ష్య అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైనది అంబిలికల్. మాకది బొడ్డుతాడు. నింగికెగిరే ముందు రాకెట్‌కు కింది నుంచి కరెంటు, ఇంధనం అందించే తీగల్నీ గొట్టాల్నీ అలాగే అంటారు. 1965లో అమెరికా వ్యోమగామి ఎడ్ వైట్ నౌక బయట తేలినప్పుడు ఆయనకు ప్రాణవాయువు అందించిన గొట్టం పేరూ అదే. కాన్పుల వార్డులో బొడ్డు కోసే ప్రతిసారీ నాకది గుర్తొస్తుంది.

పుంతదారి · సోమవారం, రాత్రి 10:22

అమ్మా, నేను రాజమండ్రిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మంచి పని మొదలుపెట్టారు. నేను ఆకాశం వైపు నుంచి వస్తాను.

గెలాక్సీ అనే మాటకు గ్రీకులో మూలం గాలా, అంటే పాలు. రాత్రి ఆకాశంలో తెల్లగా పరుచుకున్నదాన్ని చూసి వాళ్లు పాలు అనుకున్నారు. మనవాళ్లూ పాలపుంత అన్నారు. పుంత అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలీదు. మా గోదావరి జిల్లాల్లో పొలాల మధ్య బండ్లు పోయే దారిని పుంత అంటాం. చిన్నప్పుడు బడికి పుంతలోంచే నడిచి వెళ్లేవాళ్లం, వానాకాలం మోకాటిలోతు బురద. పాలపుంత అంటే పాలు ఒలికిన బండిదారి. ఆ పాలే వైద్యంలోనూ ఉన్నాయి. పాలలోని చక్కెరలో ఒక భాగం గెలాక్టోజ్. దాన్ని అరిగించుకోలేని పసిబిడ్డల జబ్బు గెలాక్టోసీమియా. పిల్లలకు మొదట పాలగ్లాసు చూపించండి, తర్వాత ఆకాశం చూపించండి.

కామెట్‌ను గ్రీకులు జుట్టు విరబోసుకున్న నక్షత్రం అన్నారు, మనం తోకచుక్క అన్నాం. చూసింది ఒకటే. వాళ్లకు జుట్టు కనిపించింది, మనకు తోక కనిపించింది.

ప్లానెట్ దగ్గర మాత్రం దారులు విడిపోయాయి. గ్రీకులో ప్లానెట్ అంటే దేశదిమ్మరి. మిగతా చుక్కలన్నీ వాటి వాటి చోట్ల ఉంటే ఇవి మాత్రం తిరుగుతుంటాయి కాబట్టి ఆ పేరు. మన గ్రహం అనే మాటకు పట్టుకునేది అని అర్థం. వాళ్లు దాని నడక చూసి పేరు పెట్టారు, మనం అది మనల్ని ఏం చేస్తుందోనన్న భయంతో పెట్టాం. గ్రహణమూ అంతే. మనకు పట్టుకోవడం, గ్రీకు ఎక్లిప్స్‌కు విడిచిపోవడం. సూర్యుడు మమ్మల్ని వదిలేశాడు అనుకున్నారు వాళ్లు.

విశ్వమూలం · మంగళవారం, ఉదయం 6:15

మాస్టారూ, ఇంత దూరం ఎందుకు? వైరస్ అంటే విషం, నాటికల్ అంటే నావ, అంబిలికల్ అంటే నాభి, మజిల్ అంటే మూషికం. అన్నీ సంస్కృతం నుంచి ఇంగ్లిష్ ఎత్తుకుపోయినవే. పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, గర్వంగా నేర్చుకుంటారు.

పుంతదారి · మంగళవారం, ఉదయం 7:48

నాయనా, నువ్వు పట్టిన జతలన్నీ సరైనవే. నీ చెవి మంచిది. కానీ ఎత్తుకుపోయారన్న మాట నిలవదు. పిల్లల ముందు నిలవని మాట చెప్పకూడదు.

లాటిన్ వైరస్, మన విషం అక్కచెల్లెళ్లు. ఒకదానికి ఇంకొకటి తల్లి కాదు, రెండింటికీ తల్లి అంతకు ముందు మాట్లాడిన ఒక పాత భాష. నాభి, నావ కూడా అలాంటి చుట్టరికమే. ఆస్ట్రోనాట్‌లో చివరి ముక్కకు గ్రీకులో ఓడనడిపేవాడు అని అర్థం. చుక్కల్లో ఓడ నడిపేవాడు. మనం అంతరిక్ష నౌక అంటున్నామంటే ఆ చెల్లెలి పక్కన అక్కను కూర్చోబెట్టినట్టే. మజిల్ అంటే లాటిన్‌లో చిట్టెలుక. చెయ్యి మడిచినప్పుడు చర్మం కింద కండ కదులుతుంటే వాళ్లకు ఎలుక పరిగెత్తినట్టు కనిపించింది.

నిజంగా మన దగ్గర్నుంచి వెళ్లిన మాట కావాలా? అది రోజూ నీ నోట్లోనే ఉంది. షుగర్. సంస్కృతంలో శర్కర అంటే మొదట సన్నని గులకరాయి, ఇసుకపలుకు. పలుకులుగా ఉంటుంది కాబట్టి చెరకు నుంచి తీసినదానికీ ఆ పేరొచ్చింది. అది పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఇటలీ, ఫ్రాన్సు దాటి ఇంగ్లండులో షుగర్ అయింది. ఇప్పుడు మన ఊళ్లో ఎవర్ని కదిపినా "నాకు షుగరండీ, కాఫీలో వెయ్యొద్దు" అంటున్నారు. మన మాటే లోకమంతా తిరిగి, జబ్బు పేరై ఇంటికొచ్చింది. ఈ ప్రయాణం చెబితే పిల్లలకు గర్వమూ ఉంటుంది, నిజమూ ఉంటుంది.

విశ్వమూలం · మంగళవారం, ఉదయం 8:10

అక్కచెల్లెళ్లు అన్న పోలిక బాగుంది మాస్టారూ. ఒప్పుకుంటున్నాను. శర్కర సంగతి నాకు తెలియదు, ఇవాళ మా ఆఫీసులో అందరికీ చెబుతాను.

బేగంపేట భాయ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మలేరియా గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. మాది హైదరాబాద్, ల్యాబ్ టెక్నీషియన్ పని. ఇటాలియన్‌లో మాల్ ఆరియా అంటే చెడ్డ గాలి. చిత్తడి నేలల నుంచి వచ్చే పాడు గాలి వల్ల జ్వరం వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. ఆ నమ్మకం విరగడానికి దారి పడింది మా సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడ ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, అందులో మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

రాస్‌తో పాటు నాకు గుర్తుండే పేరు హుసేన్ ఖాన్. జ్వరంతో ఉన్న మనిషి. దోమతెరలో పడుకుని ఆ దోమలతో కుట్టించుకున్నాడు, ఒక్కో దోమకు ఒక్కో అణా. అతని నెత్తురు తాగిన దోమలోనే రాస్‌కు జవాబు దొరికింది. పిల్లలకు ఆ పేరు కూడా చెప్పండి టీచర్.

ఆ దోమ జాతి పేరు అనాఫిలిస్. గ్రీకులో అర్థం పనికిమాలినది, లాభం లేనిది. గాలి తప్పు కాదని తేలినా జబ్బు పేరు మాత్రం చెడ్డ గాలిగానే ఉండిపోయింది. స్లైడ్ మీద నేను ఆ పరాన్నజీవిని ఎన్నిసార్లు చూశానో, రిపోర్టులో మాత్రం చెడ్డ గాలి అనే రాస్తున్నట్టు.

మిలాన్ అమ్మాయి · మంగళవారం, రాత్రి 11:50

భాయ్ అన్నయ్యా, నేను ఇటలీలో చదువుకుంటున్నాను. ఇక్కడ ఆరియా అన్న మాట రోజూ వింటాను, సైకిల్ టైర్‌లో గాలి కొట్టించుకోవడానికి కూడా అదే. మొదటిసారి విన్నప్పుడు మలేరియా గుర్తొచ్చి ఆగిపోయాను. కూరగాయల బజార్లో క్వరాంతా అంటే నలభై. క్వారంటైన్ అక్కడిదే. ప్లేగు కాలంలో వెనిస్ రేవుకు వచ్చిన ఓడల్ని నలభై రోజులు దూరంగా ఆపేవారు. అంతకు ముందు 1377లో సముద్రం అవతల రగూసా అనే ఊరు, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, ముప్పై రోజుల నియమం పెట్టింది. కరోనాలో మనం పద్నాలుగు రోజులు గదిలో ఉన్నా దాన్ని నలభై అనే పిలిచాం.

ఇన్‌ఫ్లుయెంజా కూడా ఇక్కడిదే, అది నేరుగా ఆకాశం నుంచి వచ్చిన జబ్బు పేరు. ఆ మాటకు ప్రభావం అని అర్థం. ఊరంతా ఒకేసారి జలుబు, జ్వరంతో పడిపోతే అది నక్షత్రాల ప్రభావం అనుకున్నారు. 1743లో ఇటలీలో పెద్ద ఎత్తున వచ్చినప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు ఆ మాట తీసుకున్నారు. డిజాస్టర్ అన్నా చెడ్డ చుక్క అనే. లూనటిక్ అంటే చంద్రుడి వల్ల పిచ్చెక్కినవాడు. మనమే అన్నిటికీ గ్రహాల్ని తిడతామనుకునేదాన్ని, ఇక్కడా అదే తంతు.

తెల్లకోటు సిస్టర్ · బుధవారం, తెల్లవారుజామున 4:35

నైట్ డ్యూటీలో ఉన్నాను. మాస్టారు గ్రహణం అని రాసిన దగ్గర్నుంచి ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఇప్పుడు కాస్త ఖాళీ దొరికింది, రాసేస్తాను.

తెలుగులో ఆకాశమూ జబ్బూ కలిసిన మాట ఒకటి ఉంది: గ్రహణం మొర్రి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక పాప పై పెదవి చీలి పుట్టింది. బిడ్డను తల్లి చేతికిచ్చేలోపే అత్తగారు అందుకున్నారు: "గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చోవద్దంటే విన్నావా?" ఆ పిల్లకి ఇరవయ్యేళ్లు ఉంటాయి. బిడ్డ ముఖం చూడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. పాపకు పాలు పట్టమంటే, "నేనే కోశాను సిస్టర్" అంది. అంతే అంది. నాకు ఇప్పటికీ ఆ గొంతు వినబడుతుంది.

పక్కన కూర్చుని లెక్క చెప్పాను. గ్రహణం వచ్చేనాటికి నీకు ఎన్నో నెల? ఏడో నెల. బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచీ పెరిగి మధ్యలో అతుక్కోవడం రెండో నెల లోపలే జరిగిపోతుంది తల్లీ. అంటే నువ్వు కత్తిపీట ముట్టుకోవడానికి నెలల ముందే ఆ చీలిక ఉంది. అది వినగానే నా ముఖం కేసి చూసింది. మూడుసార్లు అడిగింది, "రెండో నెలేనా? నిజంగానా?" అని. తర్వాత బిడ్డను తీసుకుంది. కొన్ని నెలలకు ఆపరేషన్ అయింది, సన్నని గీత మిగిలింది అంతే.

ఇంగ్లిష్‌లో కూడా ఒకప్పుడు దీన్ని కుందేలు పెదవి అనేవారు. ఇప్పుడు చీలిన పెదవి అని మాత్రమే అంటున్నారు. మనమూ చీలిన పెదవి అందాం. గ్రహణం అన్న మాట అందులో ఉన్నంతకాలం ఎవరో ఒక తల్లి ఆ మాట మోస్తూనే ఉంటుంది. టీచరుగారూ, మీ క్లాసులో ఇదొక్కటి తప్పకుండా చెప్పండి. ఆ ఆడపిల్లలు రేపటి అమ్మలు, మగపిల్లలు రేపటి నాన్నలు.

పుంతదారి · బుధవారం, ఉదయం 7:05

సిస్టరమ్మా, మీరు రాసింది చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఆ మాటలో గ్రహణం ఉందని తెలిసీ దాని బరువు ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక మీదట చీలిన పెదవి అనే అంటాను.

కంటద్దాలు · బుధవారం, మధ్యాహ్నం 2:15

కంటి పరీక్షలు చేసే పని నాది, విజయనగరం. రెండు మాటలు ఇస్తాను, రెండూ క్లాసులో చేసి చూపించవచ్చు.

కంటి నల్లగుడ్డు నడుమ ఉండే రంధ్రం ప్యూపిల్. లాటిన్‌లో చిన్న బొమ్మ, చిన్న పిల్ల అని అర్థం. ఎదుటి మనిషి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపమే బొమ్మంత కనిపిస్తుంది, అందుకు ఆ పేరు. మనమేమంటాం? కంటిపాప. సంస్కృతంలో కనీనిక, అదీ చిన్నపిల్లే. ఎవరు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు, ఎక్కడైనా తల్లి బిడ్డను ఎత్తుకుని కంట్లోకి చూసుకుంటే చాలు. బడిపిల్లల్ని ప్యూపిల్స్ అంటారు, అదీ ఈ కుటుంబపు మాటే.

లెన్స్ అంటే లాటిన్‌లో ఒక పప్పుగింజ. మనం మైసూరు పప్పు అని కొనే ఎర్రపప్పు, అసలు పేరు మసూర. పొట్టు తీయని గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి, రెండు వైపులా ఉబ్బి, అంచు పల్చగా ఉంటుంది. టెలిస్కోప్‌లోని అద్దానికి, కంట్లోని లెన్సుకు ఆ ఆకారమే. ఇప్పుడు మనవైపు చూడండి. మశూచికి సంస్కృత వైద్య గ్రంథాల్లో మసూరిక అని పేరు, పొక్కులు ఆ గింజల్లా ఉంటాయని. ఒకే గింజ అక్కడ చూపుకు పేరైంది, ఇక్కడ చూపు తీసే జబ్బుకు పేరైంది. మశూచితో ఎంతోమంది కళ్లు పోయాయి కదా.

ఆ మశూచిని తరిమిన వ్యాక్సిన్‌లో ఆవు ఉంది. లాటిన్‌లో వక్కా అంటే ఆవు. 1796లో జెన్నర్ ఆవుపొక్కుల రసంతో ఎనిమిదేళ్ల పిల్లవాడికి మొదటి టీకా వేశాడు. తర్వాత జెన్నర్ మీది గౌరవంతో టీకాలన్నిటికీ అదే పేరు ఉండాలని పాశ్చర్ కోరాడు.

మిలాన్ అమ్మాయి · బుధవారం, సాయంత్రం 6:40

తెలుగులో చుక్క అన్న మాట కూడా ఇలాంటిదే కదా! ఆకాశంలో చుక్క, కంట్లో వేసే చుక్కల మందు, నిండు జీవితానికి రెండు చుక్కలు. ఇంగ్లిష్‌తో పనే లేకుండా మనకు సొంతంగా ఒకటి దొరికింది. పోలియో చుక్కలు వేయించుకున్నప్పుడు ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

వెంకటగిరి టీచర్ · బుధవారం, రాత్రి 9:20

ఇన్ని దొరుకుతాయని అనుకోలేదు. కళ్లు చెమర్చాయి, ముఖ్యంగా సిస్టర్ గారు రాసినదానికి. తప్పకుండా చెబుతాను. ఇంకొక్కటి అడగనా? మా పిల్లలకు మగ్గం తెలుసు. వాళ్ల ఇంటి పనికి దగ్గరగా ఏమైనా మాటలు ఉన్నాయా?

పుంతదారి · బుధవారం, రాత్రి 10:02

ఉన్నాయమ్మా, అసలు నిధి అక్కడే ఉంది. శరీరంలో టిష్యూ అంటే నేసినది. పాత ఫ్రెంచిలో తిస్సూ, నేత. మీ ఊళ్లో టిష్యూ చీరలో ఉన్న టిష్యూ, డాక్టరు చెప్పే టిష్యూ ఒకటే. 1801లో బిషా అనే ఫ్రెంచి వైద్యుడు మైక్రోస్కోప్ కూడా లేకుండా, చేత్తో కోసి చూసి, శరీరంలో 21 రకాల నేతలు ఉన్నాయని రాశాడు. ఆ శాస్త్రం పేరు హిస్టాలజీ. గ్రీకులో హిస్టోస్ అంటే మగ్గం. మనం కణజాలం అన్నాం, జాలం అంటే వల. వాళ్లు సాలెవాడి వైపు చూశారు, మనం జాలరి వైపు.

స్పేస్ షటిల్‌లోని షటిల్ మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె. 1981 నుంచి 2011 వరకు 135 సార్లు భూమికీ ఆకాశానికీ మధ్య అలాగే తిరిగింది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా 1997లో వెళ్లింది, 2003లో తిరిగి రాలేకపోయింది, అందులోనే.

మిలాన్ అమ్మాయి · బుధవారం, రాత్రి 11:15

మాస్టారూ, రాకెట్ నాకు వదిలేశారా? ఇక్కడ కుట్టుసామాను కొట్లో దారపు రీలు కావాలంటే రొక్కెత్తో అని అడగాలి. దారం చుట్టే పుల్ల. మొదటి రాకెట్లు, అంటే బాణసంచా తారాజువ్వలు, ఆ ఆకారంలో ఉండేవి కాబట్టి ఆ పేరే పెట్టారు. మీ ఊళ్లో దాన్నేమంటారు టీచరుగారూ, కండె కదా?

వెంకటగిరి టీచర్ · శుక్రవారం, సాయంత్రం 5:30

క్లాసు అయింది. ముందుగా అందరికీ దండాలు.

నిన్ననే చెప్పి పంపాను, ఎవరింట్లో ఏముంటే అది తెమ్మని. పాలగ్లాసు, గుప్పెడు మసూర్ గింజలు, ఖాళీ చేసిన క్యాప్సూల్ గొట్టం వచ్చాయి. ఒకబ్బాయి మూతున్న చిన్న పౌడర్ డబ్బా తెచ్చి ఇదే క్యాప్సా అన్నాడు. ఇద్దరిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కళ్లల్లోకి చూసుకోమన్నాను. మొదట నవ్వులు, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. "మేడం, దీని కంట్లో నేనున్నాను" అని అరిచింది ఒక పిల్ల.

చీలిన పెదవి గురించి చెప్పినప్పుడు వెనక బెంచీలో ఒకమ్మాయి, వాళ్ల చిన్నాన్న కూతురికి అలాగే ఉందని మెల్లగా చెప్పింది. రెండో నెల లెక్క నోటుబుక్కులో రాసుకుంది. వాళ్ల పిన్నికి చదివి వినిపిస్తానంది.

చివర్లో నాడె, కండె పెట్టాం. మొదటిరోజు క్యాప్సూల్ గురించి అడిగిన అమ్మాయే వాళ్ల నాన్న మగ్గం మీది నాడె తెచ్చింది, చెక్క అరిగి నున్నగా మెరుస్తోంది. నేను బోర్డు మీద మూడు మాటలు రాశాను. రాకెట్, కండె. షటిల్, నాడె. టిష్యూ, నేత. ఆ పిల్ల బోర్డు వంక చూసి, చేతిలోని నాడె చూసింది. పక్కనున్న కండె తీసి, వాళ్లింట్లో రోజూ చూసినట్టే నాడె లోపల టక్కున బిగించి పైకెత్తి పట్టుకుంది.

"మేడం, రాకెట్‌ని షటిల్‌లో పెట్టి టిష్యూ నేసేది మా నాన్నే" అంది.